విడదీయరాని వాటా

ఫ్లాటు నచ్చింది. ధర కుదిరింది. అడ్వాన్సు రసీదు రాయబోతూ పేరు అడిగాడు. చెప్పాం. పెన్నుకి మూత పెట్టేశాడు. "నాకేం లేదు సార్, అసోసియేషన్ వాళ్లే ఒప్పుకోరు" అన్నాడు. "మీ తెలుగు విని మనవాళ్లే అనుకున్నా" అని కూడా అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం.

బైలాస్ కాపీ అడిగి తెచ్చుకున్నాం. ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతికేవాళ్లం, చదవడం మాకేం కష్టం? మెయింటెనెన్సు, లిఫ్టు, పార్కింగు, కుక్కలు అన్నీ ఉన్నాయి. మా మాట ఎక్కడా లేదు. రాయని రూలు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు కొన్నవాడికి నాలుగు గోడలతోపాటు నేలలో, మెట్లలో, టెర్రస్‌లో విడదీయరాని వాటా ఉంటుంది. విడదీయరాని వాటా! ఈ దేశంలో మా సంగతి ఇంత బాగా ఏ నాయకుడూ చెప్పలేదు.

రాసిన రూలు సంగతీ చూశాం. అహ్మదాబాదులో ఒక పార్సీల హౌసింగ్ సొసైటీ, సభ్యత్వం పార్సీలకే అని బైలా పెట్టుకుంది. 2005లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. బైలా అంటే సభ్యులు తమలో తాము చేసుకున్న ఒప్పందమంది. పార్సీలు గుప్పెడుమంది. తమవాళ్ల మధ్య బతకాలన్న వాళ్ల ఆశ మాకు అర్థమవుతుంది. కానీ అదే తాళం ఎక్కువమంది చేతికొస్తే? అమెరికాలో నల్లవాళ్లకి అమ్మరాదని ఇళ్ల పత్రాల్లోనే రాసుకునేవాళ్లు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కనీసం రాసి ఉంది కాబట్టి కొట్లాడగలిగారు.

మా తప్పూ చెప్పుకోవాలి. మా మొహల్లాలో ఇల్లు అమ్ముతున్నప్పుడు మా పెద్దలూ "అప్నే లోగోంకోహీ దేనా" అన్నారు. భయంతో అన్నారు. అయినా మాట అదే. అప్పుడు మేం నోరు మెదపలేదు.

ఆ రాత్రి అబ్బా దాచిన పాత కాగితాలు తీశాం. దస్తావేజు, దఖలు, హద్దులు, హక్కులు, వారసులు. అరబ్బీ నుంచో ఫారసీ నుంచో బయల్దేరి, ఎప్పుడో తెలుగులోకొచ్చి కాపురం పెట్టిన మాటలు. ఈ మాటలు లేకుండా ఆ అపార్ట్‌మెంటులో ఒక్క ఫ్లాటయినా రిజిస్టరయి ఉంటుందా?

వాటినెవరూ పేరు అడగలేదు.