ఆ పాఠం ఇంట్లో చదువుకోండి

ఆడపిల్లకి బైపీసీ మంచిదని మా ఇంట్లో ముందుగా ఎవరన్నారో గుర్తు లేదు. నాకు లెక్కలు రాక కాదు. పదో తరగతిలో లెక్కల్లోనే నాకు ఎక్కువ మార్కులు. "డాక్టర్ సీటొస్తే మంచిదే. రాకుంటే టీచరైతది. అదిగూడ కాకుంటే నర్సన్న అయితది" అన్నాడు నాయిన. ఆయన లెక్కలో అవి మూడు మెట్లు. నేను ఎన్నో మెట్టు మీద ఆగుతానన్నదే ప్రశ్న. జీవం గురించి తెలుసుకోవాలని నాకుందేమో ఎవరూ అడగలేదు. నేను కూడా నన్ను అడుగుకోలేదు.

ఇంటర్‌లో మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠం వచ్చింది. కప్పది చెప్పారు, కుందేలుది చెప్పారు. మనిషిది వచ్చేసరికి మా లెక్చరర్, ఆవిడా స్త్రీయే, "ఇది సులువే, ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేసింది. ఇంట్లో ఆ పేజీలు తెరవాలంటే చుట్టూ ఎవరూ లేకుండా చూసుకోవాలి. బొమ్మ గీయడం మాత్రం నేర్చుకున్నాను. భాగాలు గుర్తించి గీతలు గీసి పేర్లు రాస్తే అయిదు మార్కులు.

ఎంసెట్‌లో సీటు రాలేదు. మొదటి మెట్టు పోయింది. జిల్లాలోనే బి.జెడ్.సి. చదివి, 1993లో ఉస్మానియాలో ఎమ్మెస్సీ జువాలజీకి వచ్చాను. హాస్టల్ నుంచి చెట్ల కింద నడుచుకుంటూ సైన్స్ కాలేజీకి వెళ్లడమే నాకు పెద్ద స్వేచ్ఛ. మా పెద్దమ్మ కూతురు, మేమందరం చిన్నక్క అని పిలిచేవాళ్లం, అప్పటికే నర్సింగ్ పూర్తి చేసి విద్యానగర్‌లో ఇద్దరు నర్సులతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఆదివారం నేను అడిక్‌మెట్ దాకా నడిచి ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. నైట్ డ్యూటీ చేసొచ్చి మంచం మీద వాలి, వాచిన కాళ్లు గోడకి ఆనించి పైకి పెట్టుకునేది. నన్ను చూసి "రా సైంటిస్టూ" అనేది.

మా ఇళ్లలో మా ఇద్దరికీ ఒకే విలువ ఉండేది కాదు. నేను "పెద్ద చదువు" చదువుతున్నదాన్ని. చిన్నక్క "రాత్రిళ్లు బయటుండే పిల్ల". సంబంధాల వాళ్లు ఆమెకు జీతమెంతని అడిగి, ఆ తర్వాత ఆ ఉద్యోగం మానేస్తుందా అని అడిగేవాళ్లు. పరాయి మగవాళ్ల ఒళ్లు తాకే పని, మలమూత్రాలు ఎత్తే పని. ఈ దేశంలో ఒంటిని తాకే పని ఎవరిదో, దానికి ఎంత మర్యాదో వేరే చెప్పక్కర్లేదు. టీచరైతే సాయంత్రం నాలుగింటికి ఇంటికొస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది. రెండు ఉద్యోగాలూ ఇంటి చాకిరీకి కొనసాగింపే అయినా, ఒకటి ముగ్గు లోపల, ఇంకొకటి ముగ్గు దాటి.

నేనా రోజుల్లో హిమోగ్లోబిన్ నిర్మాణం చదువుతున్నాను. నాలుగు గ్లోబిన్ గొలుసులు, ఒక్కొక్క దానిలో ఒక హీమ్, దాని నడుమ ఒక ఇనుప పరమాణువు. నిద్రలో లేపినా చెప్పేదాన్ని. మా అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ గుప్పెళ్లకు గుప్పెళ్లు పచ్చి బియ్యం నోట్లో వేసుకునేది. మెట్లెక్కితే ఆయాసపడి గోడ పట్టుకునేది. నెలకి పదిరోజులు పాతచీర ముక్కలు ఉతుక్కుంటూనే ఉండేది. ఇవన్నీ చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నా కళ్లకి అది అమ్మ స్వభావంలాగే కనిపించింది.

1994 దసరాకి చిన్నక్క మా ఇంటికొచ్చింది. అమ్మ పళ్లెంలో నీళ్లు తెచ్చిస్తుంటే, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కింది కనురెప్ప లాగి చూసింది. "చిన్నమ్మా, నీ ఒంట్ల రక్తమే లేదు. గింత తెల్లగున్నయి కండ్లు" అంది. అమ్మ నవ్వింది. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరున్నర. ఆడవాళ్లకి పన్నెండు కంటే తగ్గితే రక్తహీనత. నేను యూనివర్సిటీలో చదువుతున్న విషయాన్ని చిన్నక్క అమ్మ కనురెప్ప కింద చదివింది.

తర్వాత జరిగిందే నేను ఇన్నేళ్లు ఎవరికీ సరిగ్గా చెప్పనిది. చిన్నక్క డ్యూటీకి వెళ్లిపోయింది. మా ఊరికి దగ్గర్లోని పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి నాయిన, నేను అమ్మని తీసుకెళ్లాం. అయిదు నిమిషాలు చూసి "గర్భసంచి తీసేద్దాం, పీడ పోతుంది. పిల్లలు పుట్టేశారు కదా" అన్నారు. అమ్మకప్పుడు ముప్ఫయి తొమ్మిది. అమ్మ నా వంక చూసింది. చదువుకున్న బిడ్డని కదా.

నేనేమీ అడగలేదు. కుందేలు గర్భాశయం రెండు విడివిడి గొట్టాలనీ మనిషిది ఒకటేననీ నాకు తెలుసు. అండాశయం కోతని గులాబీ, ఊదా రంగులద్దిన స్లైడు మీద చూసి, పుటికలన్నీ గుర్తుపట్టి రికార్డులో గీసిన దాన్ని. అండాశయాలు కూడా తీస్తారా అని అడగలేదు. ముందు రక్తం పట్టించి, రక్తస్రావానికి కారణమేమిటో చూసి, మందులతో తగ్గుతుందేమో చూడొచ్చా అని అడగలేదు. అమ్మ శరీరం గురించి ఓ మగ డాక్టర్ ముందు, నాయిన పక్కన నిలబడి నోరు విప్పడం నాకు సిగ్గనిపించింది. ఇంట్లో చదువుకోమన్న పాఠం అది. నా చదువంతా ఆ సిగ్గు దగ్గర ఆగిపోయింది. ఫారం మీద నాయిన సంతకం చేశాడు.

ఆపరేషన్ చీటీలో ఏం రాశారో ఆ కాగితం మా దగ్గర లేదు. నలభయ్యో ఏటి నుంచే అమ్మకి ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి. యాభై దాటగానే గుమ్మంలో జారితే మణికట్టు విరిగింది, మూడేళ్లకి తుంటి. అండాశయాలు చిన్నవయసులో తీసేస్తే ఈస్ట్రోజన్ ఆగిపోయి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అమ్మకి జరిగింది అదేనా అని నేను రుజువు చెయ్యలేను. అడగాల్సిన రోజున అడగలేదు కాబట్టి.

అమ్మ ఒక్కతే కాదని తర్వాత తెలిసింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్న వాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు పైచిలుకైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది. 2019-21 సర్వేలో ఆ వయసు స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు దేశంలో 57 శాతం.

ఆ ఏడాది చలికాలంలో హాస్టల్లో ఒక సీనియర్ గదిలో 'సవాలక్ష సందేహాలు' చూశాను. 1991లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చిన పుస్తకం. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఆడవాళ్లే కూర్చుని తెలుగులో రాసుకున్నది. రాత్రంతా చదివాను. నాకు తెలియని జీవశాస్త్రం అందులో చాలా తక్కువ. కానీ అదంతా నాదీ, మా అమ్మదీ అన్నట్టు మొదటిసారి కనబడింది. మూడు నెలల ముందు దొరికి ఉంటే అని ఏడ్చాను. ఈ కృషిలో ఉన్న డాక్టర్ వీణా శత్రుఘ్న తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్త అని తర్వాత తెలిసింది. గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్‌లతో కలిసి ఆమె ఇంగ్లీషులో తెచ్చిన 'టేకింగ్ ఛార్జ్ ఆఫ్ అవర్ బాడీస్' 2004లో వచ్చింది. నేను రోజూ ఆ సంస్థ ప్రహరీ పక్కనుంచే బస్సులో వెళ్లేదాన్ని. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనతో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చిన సంస్థ. తిండికీ రక్తానికీ సంబంధం వెతికేవాళ్లు అంత దగ్గరలో ఉన్నారు. అమ్మ బియ్యం బుక్కడం నాకు ప్రశ్నగా కూడా తోచలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడప్పుడు తలుచుకుంటాను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లని మెట్రిక్‌కి తయారుచేసింది. ఆ సభవాళ్ల ఆస్పత్రి విద్యానగర్‌లో ఉంది, కాలేజీ క్యాంపస్‌లో ఉంది. ఆస్పత్రీ కాలేజీ, నర్సూ టీచరూ. ఆమెకవి ఆడవాళ్లు తమ కాళ్ల మీద నిలబడే దారులు. 1958లో స్త్రీవిద్య మీద వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలు కూడా ఆమే. తర్వాత హంసా మెహతా కమిటీ ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు పాఠ్యాంశాలు వద్దంది. పాఠ్యాంశం నిజంగానే ఒకటైంది. నాయిన లాంటి వాళ్లు మాత్రం ఆమె తెరిచిన తలుపుల్నే మాకు సరిహద్దులు చేశారు. మా లెక్చరర్లు పేజీలు తిప్పేశారు.

నేనూ తిప్పేశాను. బి.ఎడ్. చేసి తార్నాక దగ్గర ఒక స్కూల్లో బయాలజీ టీచర్‌గా చేరిన మొదటి ఏడాది, ఆ పాఠం వచ్చింది. క్లాసులో నలభై మంది, సగం మగపిల్లలు. వెనక బెంచీలో నవ్వులు మొదలయ్యాయి. 'సవాలక్ష సందేహాలు' చదివి ఏడ్చిన నేనే, "ఇది సులువే, ఇంట్లో చదువుకోండి" అన్నాను. అవే మాటలు.

బెల్ కొట్టాక ఒకమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. "టీచర్, మా అమ్మకి గర్భసంచి తీసేస్తరంట. అది తీస్తే ఏమైతది? ఆ పాఠంల ఉంటదా?" అంది.

నేనా అమ్మాయిని కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీశాను. భాగాల పేర్లు రాశాను. అండాశయాలు ఉంచుతారా అని అడగమన్నాను. ఇంకో డాక్టర్ దగ్గర కూడా చూపించమన్నాను. అమ్మ భయపడితే నువ్వే అడుగు అన్నాను. నాకు పందొమ్మిదో ఇరవయ్యో ఏట చేతకానిది పధ్నాలుగేళ్ల పిల్లని చెయ్యమన్నాను. మర్నాడు ఆ పాఠం మొదట్నుంచి చెప్పాను. గొంతు వణికింది. నవ్వినవాళ్లు నవ్వారు. మూడో రోజుకి మానేశారు.

ఆ అమ్మాయి వాళ్లమ్మకి ఏమైందో నాకు తెలియదు. ఆ వేసవిలో వాళ్లు ఇల్లు మారి వెళ్లిపోయారు.

అప్పట్నుంచి ఒక్క ఏడాది కూడా ఆ పాఠం వదల్లేదు. ఆ రోజు చిన్నక్క లాగే పిల్లల చేత ఒకళ్ల కనురెప్ప ఒకళ్లు చూసుకునేలా చేస్తాను. చిన్నక్క ముప్ఫయ్యేళ్లు పనిచేసి మొన్ననే మానింది. ఒకసారి మా క్లాసుకి తీసుకొచ్చి మాట్లాడించాను. "మీ టీచర్ సైంటిస్టు, నేను ఉత్త నర్సుని" అని మొదలుపెట్టింది. నేను ఆపాను. ఆమె ఆగలేదు, నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు నీట్ ర్యాంకు రాని పిల్లల తల్లులు నా దగ్గరికొచ్చి అడుగుతారు. "బయాలజీ చదివిస్తున్నం టీచర్. నర్సింగా, ల్యాబ్ టెక్నీషియనా, బి.ఎడ్.ఆ, ఆడపిల్లకేది మంచిది?" ఏదైనా మంచిదే అంటాను. ఆ తర్వాత ఆ తల్లిని అడుగుతాను, మీకు ఆరోగ్యం ఎట్లుంది అని. చాలామంది మా అమ్మ చెప్పినట్టే చెప్తారు, మంచిగనే ఉన్న అని. అప్పుడు పక్కనున్న పిల్లని పిలిచి, అమ్మ కింది కనురెప్ప లాగి చూడమంటాను.