అటక మీది క్యాసెట్లు

ఇక్కడ ఇంగ్లండులో మా పక్కింటావిడకి యాభై దాటాయి. మొన్న అటక సర్దడానికి సాయం వెళ్తే, బూట్ల డబ్బా నిండా పాత క్యాసెట్లు బయటపడ్డాయి. అన్నీ రేవ్ పార్టీల్లో రికార్డు చేసినవే!

"నాకప్పుడు పద్దెనిమిది. ఒక నంబరుకి ఫోన్ చేస్తే, ఎక్కడికి రావాలో ఆ రాత్రే చెప్పేవాళ్ళు" అంది. 1992 మేలో కాజిల్‌మోర్టన్ మైదానంలో వేలమంది దాదాపు వారం పాటు ఆడారు. ఆ గొడవతో 1994లో చట్టమే తెచ్చారు. మళ్ళీ మళ్ళీ అదే దరువు మోగే సంగీతమని అందులో ప్రత్యేకంగా రాశారు కూడా.

క్యాసెట్ పెట్టింది. ఈ హార్డ్‌కోర్‌లో నిమిషానికి 150కి పైగానే దరువులట. నాకైతే మిక్సీలో పప్పు రుబ్బుతున్నట్టుంది. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని, కాలు ఆడిస్తూ కూర్చుంది.

"మా అమ్మాయికి ఇదంతా తెలీదు. నవ్వుతుందని చెప్పలేదు" అంది.

ఇంటికొచ్చి బీరువా అడుగునున్న మూట విప్పాను. మా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఈ గజ్జెలెవరివి?" అంది.

దానికి పదిహేడేళ్ళు. ఇన్నేళ్ళలో నేనూ చెప్పలేదు.

"నావేనే" అన్నాను. సాయంత్రం కట్టుకుని చూపిస్తాను. నవ్వితే నవ్వనీ.

మీ అటక మీద ఏముందో మీ పిల్లలకి తెలుసా?