చినుకు దెబ్బ

ఒక పళ్ళెం, కొద్దిగా తడిపి సమంగా పరిచిన ఎర్రమన్ను, కింద తెల్లకాగితాలు, సూది తీసేసిన సిరంజి. ఇంతే సరంజామా. మన్ను మాత్రం కళ్యాణదుర్గం దగ్గర మా చేనిది.

అడుగు ఎత్తు నుంచి యాభై చుక్కలు వదిలితే పళ్ళెం అంచు చుట్టూ కొన్ని ఎర్రటి మరకలు పడ్డాయి. కాగితం మార్చి, నాలుగడుగుల నుంచి మళ్ళీ యాభై వదిలాను. ఈసారి మరకలు లెక్కపెట్టలేనన్ని, చాలా దూరం దాకా. “ఇల్లంతా మన్ను చేస్తాండావు కదరా” అంది అమ్మ.

ఎత్తు నాలుగింతలైతే నేలను తాకే వేగం రెట్టింపవుతుంది. ద్రవ్యవేగమూ రెట్టింపే. గతిశక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి నాలుగింతలు. చుక్క ఆగినప్పుడు దాని ద్రవ్యవేగాన్ని భూమి తీసుకుంటుంది; అంత పెద్ద భూమికి అదొక లెక్క కాదు. శక్తిని అట్లా భూమికి అప్పజెప్పడం కుదరదు. అది పడినచోటే ఖర్చు కావాలి: మట్టిపెళ్ళను పగలగొట్టి, రేణువులను ఎగరగొట్టి.

నిజం వానలో పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో దిగుతుంది. నా సిరంజి చుక్కకు దాదాపు రెట్టింపు. అనంతపురంలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అందులో చాలా భాగం కొన్ని గట్టి వానల్లోనే వచ్చిపోతుంది. చెదిరిన సన్నమన్ను నేల రంధ్రాలను పూడ్చి, ఎండాక పైన పెచ్చు కడుతుంది. తర్వాతి వాన లోపలికి ఇంకక పారిపోతుంది, పోతూ పైమన్నునూ తీసుకుపోతుంది.

మూడోసారి మన్నుమీద శెనక్కాయ పొట్టు పరిచి, నాలుగడుగుల నుంచే వదిలాను. కాగితం దాదాపు తెల్లగానే ఉంది. చుక్కలో ద్రవ్యవేగమూ తగ్గలేదు, శక్తీ తగ్గలేదు. దెబ్బ పొట్టు తినింది. కింద మన్ను నెమ్మదిగా తడిసింది.

అమ్మకు చూపిస్తే, “బాగుండాది. అట్లని కట్టె చేన్లోనే ఇడిస్తే ఎనుములు ఏం తినల్ల?” అంది.

శెనక్కాయ చెట్టును వేరుతో సహా పీకుతాం. ఆ కట్టే పశువుల మేత. కరువు ఏడాది అదే దిక్కు. అందుకే తొలి వాన వచ్చేనాటికి చేను బోడిగా ఉంటుంది. నేలను కప్పి ఉంచమని చెప్పేవాళ్ళెవరైనా ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. రైతు సాధికార సంస్థ చెప్పే పద్ధతిలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు వానకు ముందే నవధాన్యాలు చల్లుతున్నారు. మొలిస్తే నేలకు కప్పూ, పశువుకు మేతా. మొలవడానికి మాత్రం ఒక వాన పడాలి. ఆ మొదటి వాన దెబ్బ మళ్ళీ బోడినేల మీదే.

అయితే విత్తనానికి కాయలు ఒలిచేది సరిగ్గా ఆ రోజుల్లోనే. కట్టె ఎనుములకు, పొట్టు చేనుకు అని బేరం పెట్టాను. అమ్మ ఒక మూలకు ఒప్పుకుంది.