అడవి లెక్కలు - గెడ్డ నీళ్లు

పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నన్ను ఆ రోజు ఒక విద్యార్థి ప్రశ్న నిలవేసింది. విశాఖ మన్యంలో ఒక కొండవాలున నిలబడి, "చెట్లు నరికితే గెడ్డలో నీళ్లు తగ్గుతాయి" అని నేను చెబుతూ వుండగా, "హబ్బర్డ్ బ్రూక్‌లో పెరిగాయి గదా, మాష్టారూ?" అన్నాడు.

నిజమే. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో 1965 చలికాలాన ఒక చిన్న లోయలో చెట్లన్నీ కొట్టివేసి, మళ్లీ చిగురు వేయకుండా మూడు వేసవులు మందు చల్లారు. ప్రవాహానికి అడ్డంగా, గాడి పెట్టిన చిన్న ఆనకట్ట కట్టి నీటిని కొలిచారు. అందులో కరిగిన లవణాలను పరీక్షించారు. పోలికకు నరకని లోయ పక్కనే వుంది. చెట్లు పీల్చి ఆవిరిగా వదలవలసిన నీరు కిందికి దిగి, మొదటి సంవత్సరం ప్రవాహం 39 శాతం పెరిగింది. కాని నేలసారం కూడా దానితో పోయింది. నీటిలో నైట్రేటు 41 రెట్లయింది.

ఇన్నాళ్లూ నినాదాన్నే శాస్త్రమనుకుని చెప్పానని సిగ్గుపడ్డాను. అక్కడే కట్టెలు యేరుతున్న ఒక అవ్వను గెడ్డ సంగతి అడిగాను.

"వానొస్తే బురదై పొంగిపోతాది బాబూ. వైశాఖంలో చెలమ తవ్వినా చుక్క రాదు" అన్నది.

లెక్కా అబద్ధం కాదు, అవ్వా అబద్ధం కాదు. ఆకుల మెత్త పోయి నేల గట్టిపడ్డ వాలు మీద వాన ఇంకదు, పరుగెత్తుతుంది. ఏడాది మొత్తం పెరిగినా ఎండాకాలపు ఊట ఎండిపోవచ్చు. ఏ నెల నీరు ఎవరికి ప్రాణాధారమో సగటు చెప్పదు.

ఆ వాలు మీద ఇప్పుడు నీలగిరి తోట వుంది. మన ప్రభుత్వ అటవీ సర్వే, ఒక హెక్టారు నేల మీద 10 శాతం కొమ్మల నీడ వుంటే చాలు, అడవి విస్తీర్ణంలో వేస్తుంది. భూమి ఎవరిది, చెట్టు ఏది అని చూడదు. ఉపగ్రహానికి పచ్చగా కనిపించినదంతా అడవే! 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నుంచీ పోడు కొట్టే గిరిజనుడే నేరస్థుడు. సహజారణ్యం తీసి తోట వేసినవాడికి మాత్రం లెక్కల్లో మచ్చ లేదు.

అందుకని అంకెలను తోసివేద్దామా? అది మన మార్గం కాదు. కొలత ప్రజల చేతికి రావాలి. ఊరి బడిలో ఒక వానకొలత పాత్ర పెట్టాం, గెడ్డలో ఒక కొలబద్ద పాతాం. పిల్లలు రోజూ పుస్తకంలో రాస్తున్నారు. మొదటి అంకె వేసింది నన్ను ప్రశ్నించిన ఆ కుర్రవాడే.