చిగురు కింది గుంటలో కొత్త ఎముక

తెలంగాణలోని ఒక దంత వైద్య కళాశాలలో చిగుళ్ల వ్యాధుల విభాగాన్ని అందరూ ‘పెరియో’ అనే పిలుస్తారు. పన్ను తీయడం, పుచ్చు నింపడం వంటి పనులు పక్క విభాగాల్లో ఒక పూటలో ముగిసిపోతుండగా, ఇక్కడ ఎముక అమర్చే శస్త్రచికిత్స కావాలా వద్దా అని తేల్చడానికే వారాలు పడుతుంది. పళ్ల మీద పేరుకున్న పాచిలోని బ్యాక్టీరియా వల్ల, దాన్ని ఎదుర్కొనే క్రమంలో శరీరంలోనే పుట్టే వాపు వల్ల పంటి చుట్టూ ఎముక కరిగిపోతుంది. ఈ అరుగుదలకు సాధారణంగా నొప్పి ఉండదు కాబట్టి, చాలామంది పన్ను కదలడం మొదలైన తరువాతే ఈ మెట్లెక్కుతారు.

ఇక్కడ పరీక్షకు వాడేది ప్రోబ్ అనే సన్నని లోహపు పుల్ల. దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. ఆరోగ్యంగా ఉన్న చిగురుకూ పంటికీ మధ్య అది మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. కుర్చీలో ఉన్న నడివయసు స్త్రీకి కింది వరుసలోని మొదటి దవడ పంటి వెనుక వైపు ఎనిమిది దాకా దిగింది, పుల్ల బయటికి రాగానే వెంట రక్తమూ వచ్చింది. ఎక్స్‌-రేలో అదే చోట ఎముక అంచు ఏటవాలుగా, వేరు పక్కనే కిందికి జారి కనిపించింది. ఇటువంటి నిలువు గుంటకు మిగిలిన ఎముక గోడలెన్ని అన్నదే చికిత్సకు కీలకం. 1958లో గోల్డ్‌మన్‌, కోహెన్‌ చేసిన వర్గీకరణ ఇప్పటికీ ఆ లెక్క మీదే నడుస్తోంది. మూడు గోడలున్న ఇరుకు గుంటలో రక్తపు గడ్డ కదలకుండా నిలుస్తుంది, కొత్త ఎముకకు కావలసిన కణాలు మూడు వైపుల నుంచీ అందుతాయి. ఒక్క గోడే మిగిలితే అమర్చిన పదార్థానికి ఆసరా ఉండదు. ఎముక మట్టం అన్ని పళ్ల చుట్టూ సమంగా దిగిపోయినవారికి ఎముక అమర్చే ఈ పద్ధతి పనికిరాదు, వచ్చేవారిలో అటువంటివారే ఎక్కువ. గ్రాఫ్ట్, అంటే అమర్చే ఎముక, వేస్తే ఏ చిగురైనా బాగుపడుతుందన్నట్టు బయట కనబడే ప్రకటనలు ఈ సంగతి చెప్పవు.

గుంట అనుకూలంగా ఉన్నంత మాత్రాన శస్త్రచికిత్స తేదీ ఇవ్వరు. ముందు పళ్ల గారను, వేరుకు అంటిన గారను తీసి, కొన్ని వారాల తరువాత మళ్లీ కొలుస్తారు. లోతు తగ్గితే కోత అవసరమే రాదు. పొగ మానని వారినీ, షుగరు అదుపులో లేని వారినీ, పాచి తీసుకోవడం అలవాటు కాని వారినీ ఆపుతారు. “అమ్మా, రాత్రి కూడా బ్రష్ చేస్తున్నారా?” అన్న ప్రశ్నకు “పొద్దుగాల ఒక్కపారే సార్” అని సమాధానం వస్తే, ఆ రోజుకు దొరికేది మరోసారి బ్రష్ పట్టే పాఠమే.

శస్త్రచికిత్స గదిలో ఎక్కువ సమయం తీసుకునేది ఎముక నింపడం కాదు, శుభ్రం చేయడం. మత్తు సూది తరువాత చిగురును రెప్పలా విప్పి, గుంటలో పెరిగిన మెత్తని ఎర్రటి కణజాలాన్ని గోకి తీసి, వేరు నున్నగా తగిలేదాకా పనిముట్టు ఆడిస్తూనే ఉంటారు. మరోవైపు రోగి చేతి నుంచి తీసిన పది మిల్లీలీటర్ల రక్తం, గడ్డకట్టకుండా ఆపే మందేమీ కలపని గొట్టంలో, నిమిషానికి సుమారు 2700 చుట్ల వేగంతో పన్నెండు నిమిషాలు తిరుగుతుంది. ఆగిన తరువాత కింది ఎర్ర కణాలకూ పై ద్రవానికీ మధ్య తాటిముంజెలా వణికే పసుపు ముద్ద తేలుతుంది. 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ బృందం వివరించిన ఈ పీ.ఆర్‌.ఎఫ్‌. ముద్దలో ఫైబ్రిన్ వలతో పాటు, గాయం మానడానికి తోడ్పడే పదార్థాలను విడుదల చేసే ప్లేట్‌లెట్లు ఉంటాయి. దీన్ని ముక్కలు చేసి ఎముక రేణువులతో కలిపి గుంటలో పెడతారు. గట్టిగా కూరితే రేణువుల మధ్య కొత్త రక్తనాళాలు పాకడానికి సందు మిగలదు కాబట్టి, చేయి తేలికగా ఉండాలని ఆచార్యుడు పీజీ విద్యార్థిని పక్కనుంచి హెచ్చరిస్తూనే ఉన్నాడు.

ఆ రేణువులు ఎక్కడివన్నది రోగికి ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. రోగి దవడ నుంచే గీసి తీసిన ఎముక మేలైనదే గాని, పెద్ద గుంటకు చాలదు. దాతల ఎముకను ఆమ్లంతో ఖనిజాలు తొలగించి, శీతలీకరించి ఆరబెట్టి వాడే పద్ధతికి, అలాంటి ఎముకను జంతువుల కండరంలో ఉంచినా అక్కడ కొత్త ఎముక పుడుతుందని 1965లో మార్షల్ యూరిస్ట్ చూపిన ప్రయోగం పునాది. మన దేశంలో 1988లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైన టిష్యూ బ్యాంకు అటువంటి ఎముకను గామా కిరణాలతో శుద్ధి చేసి అందిస్తోంది. ఆవు ఎముక నుంచి చేసిన రేణువులూ, రేణువుల మీద కప్పడానికి పంది నుంచి వచ్చే పొరలూ కొందరికి మతరీత్యా సమ్మతం కావు. వారికి కృత్రిమ కాల్షియం ఫాస్ఫేటు రేణువులు, చేపల నుంచి తీసిన కొల్లాజెన్ పొరలు ఉన్నాయి. చికిత్స గొప్పదనం గురించి చెప్పే మాటలకంటే ఈ అయిదు నిమిషాల సంభాషణకే ఎక్కువ విలువ ఇవ్వాలనిపిస్తుంది.

రేణువుల మీద పొర ఎందుకు కప్పాలన్నదానికి సమాధానం మెల్చర్ 1976లో ప్రతిపాదించిన ఆలోచనలో ఉంది. గాయం మానేటప్పుడు వేరు ఉపరితలాన్ని మొదట చేరిన కణాలే అక్కడ ఏది పెరగాలో నిర్ణయిస్తాయి. చిగురు పైపొర కణాలు అన్నిటికంటే వేగంగా పాకి వేరుకు అతుక్కుంటే, పైకి మానినట్టే ఉంటుంది గాని పంటినీ ఎముకనూ కలిపే నారలు తిరిగి పుట్టవు. 1982లో స్వీడన్‌లో నైమన్ బృందం, ఎలాగూ తీసేయాల్సిన ఒక కింది ముందు పంటి మీద వడపోత పొరను అడ్డుపెట్టి, కొన్ని నెలల తరువాత దాన్ని ఎముకతో సహా తీసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కొత్త నారలు కనిపించాయి. ఇప్పటి కొల్లాజెన్ పొరలు వాటంతటవే కరిగిపోతాయి కాబట్టి, వాటిని తీయడానికి రెండో కోత ఉండదు.

కుట్లు వేశాక రోగికిచ్చే కాగితంలో ఆ చోట బ్రష్ తగలనీయవద్దనీ, క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలించాలనీ ఉంటుంది. ఆరు నెలల దాకా ఆ గుంటలో ప్రోబ్ పెట్టరు. గోడ మీది వెలుగు పెట్టెపై వరుసగా తగిలించిన పాత ఎక్స్‌-రేలలో గుంటలు తెల్లగా నిండి కనిపిస్తాయి, అయితే ఆ తెలుపులో కొంత అమర్చిన రేణువులదే. నారలతో సహా కొత్త ఎముక వచ్చిందని రుజువు కావాలంటే పంటిని తీసి ముక్కలు కోసి చూడాలి, బతికించుకోవాలనుకున్న పంటి విషయంలో అది ఎవరూ అడగరు. అందుకే విభాగం రికార్డులో ‘ఎముక వచ్చింది’ అని రాయరు. కోతకు ముందూ, ఆరు నెలల తరువాతా కొలిచిన లోతులనూ, పంటి కదలికనూ, మూడు నెలలకొకసారి క్లీనింగుకు రోగి వచ్చిందా లేదా అన్నదాన్నీ రాస్తారు.