జెండా ఎగరని క్షణం

న్యూ ఆర్లీన్స్ అనగానే జాజ్ సంగీతం, మిసిసిపీ నది, మార్డిగ్రా సంబరాలు గుర్తొస్తాయి. కానీ నగరం నడిబొడ్డున, పోయిడ్రాస్ వీధి పక్కన బోర్లించిన పెద్ద గిన్నెలా కనిపించే సూపర్‌డోమ్ దగ్గరికెళ్లి స్థానికుల్ని కదిపితే మాత్రం ఓ తేదీ చెబుతారు... 2019 జనవరి 20!

1975లో మొదలైన ఈ స్టేడియంలో డెబ్భై వేలమందికి పైగా కూర్చోవచ్చు. 2005లో కత్రినా తుపాను ఊరిని ముంచెత్తినప్పుడు వేలమంది తలదాచుకున్నదీ ఇక్కడే. మర్నాటి ఏడాది సొంత జట్టు సెయింట్స్ మళ్లీ ఇక్కడ ఆడిన రోజు ఊరంతా పండగే. అందుకే ఆ జట్టుకి అన్యాయం జరిగితే ఊరు తనకే జరిగిందనుకుంటుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. తప్పొప్పులు చూడ్డానికి చారల చొక్కాలతో ఏడుగురు ఉంటారు. తెల్లటోపీ పెట్టుకున్నాయన వాళ్లకి పెద్ద. ఎవరెక్కడ నిలబడాలో, ఎవరిని గమనించాలో ముందే నిర్ణయమై ఉంటుంది. తప్పు కనపడిందా... నడుముకి దోపుకున్న పసుపు జెండా తీసి విసురుతారు. తర్వాత కలిసి మాట్లాడుకుంటారు. అవసరమైతే జెండాని వెనక్కీ తీసుకుంటారు. చివరికి పెద్దాయన తప్పేమిటో, శిక్ష ఎన్ని గజాలో మైకులో ప్రకటిస్తాడు.

బంతి కదలకముందే దాడి జట్టు ఆటగాడు కదిలితే ఐదు గజాలు వెనక్కి. అందులో వాదనకి తావు తక్కువ. బంతిని అందుకోబోయేవాణ్ని అడ్డుకోవడం దగ్గరే అసలు చిక్కు. బంతి చేరకముందే తాకాడా? ఆ తాకిడి నిజంగా అడ్డయిందా? అసలది అందే బంతేనా? అన్నిటికీ రెప్పపాటులో జవాబు కావాలి. శిక్షా పెద్దదే. తప్పు జరిగిన చోటికి బంతి వెళ్తుంది, మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి.

ఆ రోజు లాస్ ఏంజెలిస్ రామ్స్‌తో పోరు. గెలిస్తే సూపర్ బౌల్‌కే! స్కోరు 20-20. ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. డ్రూ బ్రీస్ విసిరిన బంతి టామీలీ లూయిస్‌ని చేరకముందే రామ్స్ ఆటగాడు నికెల్ రోబీ-కోల్‌మన్ అతన్ని ఢీకొట్టి పడేశాడు. స్టేడియం మొత్తం జెండా కోసం చూసింది. అది ఎగరలేదు. ఎగిరుంటే సెయింట్స్ గడియారాన్ని కరగదీసి, ఆఖర్లో గోల్ కొట్టి గెలిచే వీలుండేది. బదులుగా మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నారు. రామ్స్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో 57 గజాల గోల్‌తో 26-23తో నెగ్గారు.

పొరపాటు జరిగిందని లీగ్ అధికారులు కోచ్ సీన్ పేటన్‌కి ఫోన్లో ఒప్పుకున్నారు. కానీ వేయని జెండాని వీడియో చూసి వేసే నిబంధన అప్పటికి లేదు. సూపర్ బౌల్ మర్నాడు స్థానిక పత్రిక ‘టైమ్స్-పికాయూన్’ మొదటి పేజీని దాదాపు ఖాళీగా వదిలేసి నిరసన తెలిపింది!

ఆ ఏడాదే ఇలాంటి తీర్పుల్ని వీడియోలో సమీక్షించే నిబంధన తెచ్చారు. ఒక్క సీజనే. 2020లో ఎత్తేశారు. దృశ్యాన్ని ఎంత నెమ్మదిగా తిప్పినా ‘తాకాడు’ అన్నదే తెలుస్తుంది. ‘అడ్డయిందా’ అన్నది మళ్లీ మనిషే తేల్చాలి. ఆ పని ఇవాళ్టికీ మైదానంలోని ఆ ఏడుగురిదే. సూపర్‌డోమ్‌లో ఆట చూస్తుంటే గమనించండి... బంతి కిందపడగానే జనం కళ్లు ముందు వెతికేది పసుపు జెండానే!