పొట్లం కట్టే చెయ్యి

పక్షవాతం వస్తే మనవాళ్ళు "చెయ్యి పడిపోయింది" అంటారు. వినగానే చేతికేదో అయినట్టుంటుంది. నిజానికి చేతికేం కాలేదు. ఎముకలు, కండరాలు, నరాలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వాటికి ఆర్డరు వేసే మెదడులో రక్తం అందక కొంత భాగం పోయింది, అంతే. ఈ తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, హాస్పిటల్ నించి ఇంటికొచ్చాక చేసేదంతా దీన్ని బట్టే ఉంటుంది. చేతికే జబ్బు అనుకుంటే నూనె రాస్తాం. మెదడుకి దెబ్బ తగిలిందనుకుంటే ఆ చేత్తో పని చేయిస్తాం.

మా నాన్నగారికి 61 ఏళ్ళు. తణుకు దగ్గర మా ఊళ్ళో కిరాణా కొట్టు. తొమ్మిది నెలల క్రితం మెదడు ఎడమ వైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. కుడి చెయ్యి, కుడి కాలు వశం తప్పాయి. తడబడిన మాట వారంలో సర్దుకుంది. కాలు నెలన్నరకి చేతికర్రతో నడిచేదాకా వచ్చింది. చెయ్యే రాలేదు. డిశ్చార్జి కాగితంలో మందులకి పదకొండు వరసలున్నాయి, చేతికి ఒకే ఒక్క వరస: "ఫిజియోథెరపీ కొనసాగించవలెను". ఎవరు, ఎంతసేపు, ఏం చెయ్యాలి, ఎప్పుడు ఆపాలి, ఏమీ లేదు. మనం ఇలాంటి స్పెక్ రాసిస్తే టెస్టింగ్ వాళ్ళు మనల్ని బతకనిస్తారా? :)

ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు అమ్మాయి వారానికి మూడ్రోజులు, రోజుకి నలభై నిమిషాలు. మంచి పిల్ల, పనిలో శ్రద్ధ ఉంది. కానీ లెక్క చూడండి. 2009లో అమెరికా, కెనడాల్లో కొన్ని సెంటర్లలో థెరపీ జరుగుతుండగా పక్కన కూచుని లెక్కబెట్టారు, రోగి ఆ దెబ్బతిన్న చేత్తో పనికొచ్చే కదలిక ఎన్నిసార్లు చేస్తున్నాడో. సగటున ఒక సెషన్‌కి 32. అన్ని వసతులున్న చోటే అంత. జంతువుల మీద ప్రయోగాల్లో మెదడులో మార్పు కనిపించింది రోజుకి కొన్ని వందల సార్లు చేయిస్తే. మా ఇంట్లో మూడు సెషన్లకీ కలిపి వందనుకుందాం. కొట్లో సాయంత్రం రద్దీలో నాన్నగారు గంటలోపే అంతకన్నా ఎక్కువసార్లు చెయ్యి చాపేవారు. కాబట్టి అసలు థెరపీ జరగాల్సింది ఆ అమ్మాయి వెళ్ళిపోయాకే.

సరిగ్గా అక్కడే ఇంట్లో ప్రేమ అడ్డం పడుతుంది.

అన్నం దగ్గర చూడాలి మా ఇంట్లో. నలుగురిలో ఎడం చేత్తో తినడం నాన్నగారికి చచ్చేంత నామోషీ. చెంచా ఇస్తే విసిరికొట్టారు. దాంతో అమ్మ కలిపి ముద్దలు పెట్టడం మొదలెట్టింది. చొక్కా బొత్తాలు అమ్మే, పళ్ళ బ్రష్షు మీద పేస్టూ అమ్మే. నెల తిరిగేసరికి కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్న సంచీలా అయిపోయింది. అప్పటికే వేళ్ళు కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నాయి, అయినా వాడరు. వాడాల్సిన అవసరం ఎవరూ రానిస్తేగా!

దీనికో పేరుంది, నేర్చుకున్న నిరుపయోగం అనుకోవచ్చు. ఎడ్వర్డ్ టౌబ్ అనే శాస్త్రవేత్త కోతుల్లో ఒక చేతికి స్పర్శ తెలిపే నరాలు కోసి చూశాడు. కదపగలిగే శక్తి ఉన్నా కోతి ఆ చేతిని వాడటం మానేసింది. రెండో చెయ్యి కట్టేస్తే మళ్ళీ వాడింది. (1981లో ఇదే ల్యాబ్ మీద జంతు హింస కేసు పడింది, అమెరికాలో పెద్ద గొడవ. కింది కోర్టు శిక్ష వేసింది, తర్వాత కొట్టేశారు. ఆ కోతుల ఫోటోలు చూస్తే నాకైతే కడుపులో తిప్పింది, అది వేరే సంగతి.) ఆ ఆలోచనే మనుషుల దగ్గరికొచ్చింది. మంచి చేతికి మందపాటి గ్లవ్ తొడిగి, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం అలాగే ఉంచి, దెబ్బతిన్న చేత్తో రోజూ గంటల తరబడి పని చేయించడం. రెండు వారాలు. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది మీద చేసి 2006లో జామాలో వేశారు. చెయ్యి మెరుగైంది, ఏడాది తర్వాతా నిలిచింది. అయితే ఒక షరతు, మణికట్టూ వేళ్ళూ కొంతైనా సొంతంగా వెనక్కి ఎత్తగలగాలి. బొత్తిగా కదలిక లేని చేతికి ఇది పనికిరాదు.

మా ఇంట్లో రోజంతా గ్లవ్ అంటే కుదిరే పని కాదు. కర్ర పట్టుకునేది ఆ మంచి చేత్తోనే కదా, పడితే ఇంకో ప్రమాదం. ఫిజియో అమ్మాయితో మాట్లాడి ఇంకో దారి పట్టాం. వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళది గ్రాస్ప్ అని ఒక పుస్తకం ఉంది, ఉచితం. ఇంట్లో దొరికే వస్తువులతో రోజుకో గంట, వారానికి ఆరు రోజులు రోగి తనంతట తాను చేసుకునే హోంవర్కు. 2009లో 103 మంది మీద నాలుగు వారాలు పరీక్షించారు, చేసినవాళ్ళ చేతులు మెరుగ్గా కోలుకున్నాయి. అందులో బీన్‌బ్యాగులూ అవీ ఉన్నాయి, మాకెందుకవి? మాకు కొట్టుంది!

వెనక గదిలో బల్ల వేశాం. కందిపప్పు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి గిద్దెతో కొలిచి పొయ్యడం. సబ్బులు కింది అర నుంచి పై అరకి సర్దడం. అగ్గిపెట్టెలు ఒకదాని మీదొకటి పేర్చడం. దండేనికి బట్టల క్లిప్పులు పెట్టడం, తియ్యడం. రూపాయి, రెండ్రూపాయలు, అయిదు బిళ్ళలు విడివిడిగా ఏరడం. మొదట్లో పిల్లలాటలేంటి అని విసుక్కున్నారు. చిల్లర దగ్గరికొచ్చేసరికి మాత్రం విసుగు పోయింది. "ఇది లెక్క తేలాలి కదరా" అని మొత్తం ఏరేదాకా లేవలేదు. రోజుకెన్నిసార్లో అమ్మ కేలండరు వెనక గీతలు పెడుతుంది, నేను ఆదివారం ఎక్సెల్‌లోకి ఎక్కిస్తాను (అలవాటు పోదుగా).

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఒక రబ్బరు బంతి తెచ్చారు, పిసకమని. ఇంట్లో ఇప్పుడు ఆరు బంతులు. స్ట్రోక్ తర్వాత చాలామందికి వేళ్ళు ముడుచుకుపోయి బిగుసుకుంటాయి. ముడవడం వస్తోంది, తెరవడమే రావట్లేదు. ముడుచుకున్న గుప్పిట్ని ఇంకా ముడవడం ప్రాక్టీసు చేస్తే ఒరిగేదేంటని ఫిజియో అమ్మాయి బంతులు పక్కన పెట్టించింది. నూనె మర్దనా సుఖంగా ఉంటుంది, కీళ్ళు పట్టెయ్యకుండా చెయ్యి కదపడమూ అవసరమే. కానీ వేరేవాళ్ళు కదిపితే మెదడు ఏం నేర్చుకుంటుంది? పావురం రక్తం సలహా కూడా వచ్చింది, ఇద్దరు చుట్టాల దగ్గర్నించి. దాని గురించి రాయను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. పడిపోయిన వైపు చెయ్యి పట్టుకుని లాగి లేపొద్దు. కండరాల పట్టు లేనప్పుడు భుజం కీలు కిందికి జారి ఉంటుంది. మంచం మీంచి లేపడానికి మా బాబాయి ఒకసారి గుంజితే మూడు వారాలు భుజం నొప్పి, ఆ మూడు వారాలూ బల్ల దగ్గర పని బందు.

ఆఫీసులో ఫ్రెండ్స్ సెన్సర్ గ్లవ్ కొనమన్నారు, వీఆర్ అన్నారు. 2019లో అమెరికాలో 124 మందితో ఒక స్టడీ వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ పెట్టి ఆటల్లాంటి ఎక్సర్‌సైజులు 36 సెషన్లు, ఒక్కోటి 70 నిమిషాలు. క్లినిక్‌కి వెళ్ళినవాళ్ళ కంటే తక్కువేం కాలేదు. కాకపోతే అందులో సగం సెషన్లు థెరపిస్టు వీడియోలో చూస్తుండగా జరిగినవే. నాకర్థమైనంతలో గొప్పతనం స్క్రీన్‌ది కాదు, అన్నిసార్లు చేయించడానిది, వెనకో మనిషి ఉండటానిది. మాకిప్పుడు వారానికోసారి వీడియో కాల్‌లో ఆ అమ్మాయి చూస్తుంది.

ఇంతా చెప్పి, నాకు నచ్చని ఫలితం ఒకటుంది, దాచను. మన దేశంలోనే 14 సెంటర్లలో 1250 మందితో అటెండ్ అని పెద్ద ట్రయల్ చేశారు, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంట్లోవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి వాళ్ళ చేతే రీహాబ్ చేయిస్తే ఎలా ఉంటుందని. ఆరు నెలలకి చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడ్డవాళ్ళు రెండు గ్రూపుల్లోనూ 47 శాతమే. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మ చేసేదంతా వృథానా? తర్వాత ఆలోచిస్తే, అక్కడ కొలిచింది మనిషి మొత్తంగా ఎంత ఆధారపడ్డాడన్నది. గుప్పిట తెరుచుకుందా అన్న ప్రశ్న వేరు. అయినా ఇంట్లోవాళ్ళకి నేర్పేస్తే చాలు, థెరపిస్టులు తక్కువున్నా ఫరవాలేదు అనేవాళ్ళకి అది గట్టి జవాబే. ఇంకోటి, ఎన్నిసార్లు చేస్తే అంత లాభం అన్న నా ఎక్సెల్ లెక్కకీ దెబ్బ ఉంది. 2016లో ఆర్నెల్లు దాటిన 85 మందికి 3200, 6400, 9600 సార్లు ఇలా రకరకాలుగా చేయించి చూస్తే, ఎక్కువ చేసినవాళ్ళు ఎక్కువ బాగుపడిందేం లేదు. అందుకే ఈమధ్య అంకె పెంచడం ఆపి పని కష్టం పెంచుతున్నాం.

పొట్లం అలా వచ్చిందే. కాగితం చుట్టడం, అడుగు మడవడం, పురికొస తిప్పడం, రెండు చేతులూ కలిస్తే తప్ప కాని పని. నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు చూడకుండా కట్టారు. ఇప్పుడు పావుకిలో పొట్లం నాలుగు నిమిషాలు, పురికొస ఒక కొస పంటితో పట్టుకుంటారు. ముడి నిలుస్తుంది, మూడింట్లో ఒకటి ఊడుతుంది. అన్నం మాత్రం ఇంకా అమ్మే కలుపుతుంది. మొదటి నాలుగు ముద్దలు ఆయన, కింద పడ్డా సరే, మిగతాది అమ్మ, అని ఇద్దరి మధ్యా ఒప్పందం. నిన్న ఫోన్లో అడిగితే అయిదయ్యాయంది. వెనకనించి "ఆరు" అని నాన్నగారి గొంతు వినిపించింది.